పుంగనూరులో దినేష్ ఎవరికి తెలుసు?

ఆ వారమంతా మునిలక్ష్మమ్మకు కాలు ఒకచోట నిలవలేదు. పాలు పితుకుతూ మధ్యలో లేచి వీధి మొగదలకు పోయి తొంగి చూసి వచ్చేది. కుప్పం నుంచి గోపాలప్ప రాబోతున్నాడు. కూతురు స్వర్ణను ఇచ్చే ముందు పిల్లవాడి గురించి ఊళ్లో నాలుగు చోట్ల విచారించి, ఆ తర్వాతే ఇంట్లో కాలు పెడతాడు.

పిల్లవాడు మునిలక్ష్మమ్మ కొడుకు దినేష్, బెంగళూరు క్లబ్బులో జీతానికి ఫుట్‌బాల్ ఆడతాడు. ఇంతకుముందు రెండు సంబంధాలు ఈ విచారణలోనే జారిపోయాయి. "దినేషా? ఏ దినేషప్పా?" అన్నారట ఊళ్లోవాళ్లు.

పుంగనూరు వాళ్లకు మనుషులు గుర్తుండక కాదు. భీముడి వేషం కట్టే మునెప్పను చంటిపిల్లలు కూడా ఆనవాలు పడతారు. మదనపల్లె మండీలో టమోటాల వేలం పాడే చంద్రమోహన్ బస్సెక్కితే కండక్టరే లేచి చోటిస్తాడు. గొడ్ల డాక్టరు పోతుంటే ఆవులు సైతం తల తిప్పుతాయి. తొమ్మిదేళ్లుగా బంతి వెంట పరుగెత్తే తన కొడుకును మాత్రం పలకరించే దిక్కు లేదు.

ఉండబట్టలేక గోవిందస్వామి టీ అంగడికి పోయింది.

"గోవిందప్పా, మా దినేష్ సంగతి ఎవురన్నా అడిగితే ఏం సెప్తావు?"

"ఏం సెప్పాలక్కా?"

"పెద్ద ఆటగాడని సెప్పు."

"ఎంత పెద్ద?"

"నూరు గోల్స్ కొట్టినాడని సెప్పు."

క్షవరం అంగట్లోనూ, బస్టాండులో పూలమ్మే వసంతమ్మ దగ్గరా అదే పాఠం అప్పజెప్పి వచ్చింది.

గురువారం గోపాలప్ప వచ్చి మజ్జిగ తాగి, గ్లాసు నిదానంగా కింద పెట్టాడు.

"టీ అంగట్లో నూరు గోల్స్ అనిరి. క్షవరం అంగట్లోనూ నూరే. పూలామె నూటిరవై అనె. నేను కోలారు గనుల్లో పనిజేసినోణ్ణమ్మా, ఆడ సాయంత్రమైతే ఫుట్‌బాలే. మీవోడు యాడ నిలబడి ఆడతాడు?"

"ఎనకాలన్నా. వచ్చేటోళ్లను ఆపతాడు."

"అంటే బ్యాకు. మరి నూరు గోల్స్ యాణ్ణించి వచ్చె?"

ఈ సంబంధాన్ని మునిలక్ష్మమ్మ తన చేతులారా తానే పోగొట్టుకుంటోంది.

"ఒగటి గూడా కొట్టలేదన్నా. నేనే సెప్పమన్యా. ఈ ఊర్లో వాణ్ణి ఎవురూ ఎరగరు. ఎరగనోడికి పిల్లనెవురిస్తారు?"

గోపాలప్ప గడపలో తలవంచుకున్న దినేష్‌ను పిలిచాడు. "ప్యాంటు మోకాలిదాకా లాగప్పా."

ముంగాలి ఎముక పొడవునా పాత దెబ్బల మచ్చలు. గోపాలప్ప వాటిని వేలితో తడిమి చూసి, తన పంచె ఎత్తాడు. ఆ కాలూ అట్లాగే ఉంది.

"పదేండ్లు బ్యాకు ఆడితి. మా మేస్త్రీకి గూడా నా పేరు తెలీదు" అన్నాడు. "పిల్ల సరేనంటే నాకేం అడ్డం లేదు. ఆ నూరు గోల్స్ మాత్రం ఎనక్కి తీసుకో తల్లీ."

ఆయన బస్సెక్కీ ఎక్కకముందే మునిలక్ష్మమ్మ టీ అంగడికి పరుగెత్తింది. గోవిందస్వామి బెంచీ మీది వాళ్లకు అప్పటికే నూటయాభై దాకా చెప్పేశాడు.

"కొట్టలేదని సెప్పప్పా, ఒగటీ కొట్టలేదని సెప్పు."

అతను టీ వడపోస్తూ తల అడ్డంగా ఊపాడు. "ఇంగెవురు నమ్ముతారక్కా? పొద్దున్నించి ఊరంతా వాణ్ణి గురించే మాట్లాడతాండారు."