పిస్టన్ల నెత్తిన తీసిన మిల్లీమీటరు

ఇప్పటికీ రోడ్డు మీద ఏదైనా బండి టర్బో ఈల వేసుకుంటూ నన్ను దాటిపోతే ఒళ్లు మండుతుంది. ఇంటావిడ "ఏమైంది నీకు?" అంటుంది. ఏం చెప్పను? కొరివితో తల గోక్కున్నవాడు ఎవరికని చెప్పుకుంటాడు?

తొంభైల నడుమ సంగతి. మహబూబ్‌నగర్ అడ్డా మీద బాపుకు ఒక డీజిల్ కారు ఉండేది. దాని కిరాయి మీదే మా ఇల్లు నడిచేది. హైదరాబాద్ దవాఖానకు పోవాలన్నా, పిల్లను చూడటానికి పోవాలన్నా జనం బాపునే పిలిచేవారు. ఐదుగురు ఎక్కితే మాత్రం ఎత్తు మీద అది ఎద్దుబండిలా మూలిగేది. నేను ఒక షెడ్డులో మెకానిక్‌ని. చేతిలో పానా పట్టినవాడికల్లా కాస్త పొగరు ఉంటుంది, నాకు ఇంకాస్త ఎక్కువే.

హైదరాబాద్ పాత సామాన్ల బజారులో నాకొక టర్బో దొరికింది. ఇంజన్ వదిలే పొగ తోపుకే తిరుగుతూ, బయటి గాలిని మళ్లీ ఇంజన్‌లోకి దబాయించి కుక్కే పంకా అది. దాన్ని బిగిస్తే కారు ఎత్తు మీద ఉరుకుతుందని బాపు వెంట పడ్డాను. నెల రోజులు ఆయన వినలేదు. చివరికి ఒక మాట అన్నాడు.

"ఉస్తాద్ సరే అన్నడా? ఆయన సరే అంటె నాకేం ఫికర్ లేదు. వద్దంటె మాత్రం బండి మీద చెయ్యెయ్యకు."

"సరే అన్నడు బాపూ."

ఉస్తాద్‌ను నేను అడగనే లేదు.

ఉస్తాద్ అంటే మా ఊళ్లో మిషన్ షాపు ఆయన. అరిగిన సిలిండర్లను కోసి సాపు చేయడంలో ఆయన చేతికి తిరుగులేదు. బాపుతో ఇరవై ఏళ్ల దోస్తీ. ఆ షాపులో ఒక రివాజు ఉండేది. సామాను బల్ల మీద పెట్టి, పనేమిటో ఒక్క ముక్కలో చెప్పి, పక్క హోటల్‌కు చాయ్ తాగడానికి పోవాలి. ఎంత కోయాలో ఆయనకు చెప్పకూడదు. ఒకసారి ఎవరో చెప్పబోతే, "అయితే నువ్వే కోసుకో" అని మిషన్ బంద్ చేసి బయటికి నడిచాడట.

టర్బోకు ముందు చేయించాల్సిన మిషన్ పని ఒకటుంది. గాలి ఎక్కువ దూరుతుంది కనుక పైకి వచ్చిన పిస్టన్ నెత్తిన కాస్త ఎక్కువ జాగా ఉండాలి. లేకపోతే ఒత్తిడికి ఇంజన్ పగులుతుంది. అందుకని కొత్త పిస్టన్ల నెత్తి ఒక మిల్లీమీటరు చెక్కించాలి. ఉస్తాద్‌కు ఇస్తే, కొత్త పిస్టన్ ఎందుకు కోయాలని నిలదీస్తాడు, గుట్టు బాపు దాకా పోతుంది. నాలుగు పిస్టన్లనూ తువ్వాలలో మూటగట్టి, బస్సులు మారి భువనగిరి పోయి, అక్కడ లేతు మీద చెక్కించుకొచ్చాను. దొంగసొత్తు మోసినట్టే మోశాను.

పిస్టన్లు ఆడే సిలిండర్లు అరిగి ఉన్నాయి, అవి ఉండే బ్లాకు మాత్రం ఉస్తాద్ దగ్గరే. అంత బరువు ఎక్కడికని మోసుకుపోతాను? అప్పటికే రెండుసార్లు కోత పడ్డ బ్లాకు అది, గోడల్లో ఇంకొక్క కోతకే ఇనుము మిగిలింది. ఇది చెడితే ఇంజనే లేదు. "సిలిండర్లు కొయ్యి ఉస్తాద్" అని చెప్పి చాయ్‌కి పోయాను. మొదటి రోజు కరెంటు లేదు. రెండో రోజు మోటారు కాలింది. మూడో రోజు ఆయన ఎవరి పెళ్లికో మక్తల్ పోయాడు. చాయ్ తాగీ తాగీ నా కడుపు మండింది. అడ్డా మీద బాపు ఉత్త చేతులతో కూర్చుని, అడిగినవాళ్లకు రేపు, ఎల్లుండి అని చెబుతున్నాడు.

ఆరో రోజు పోతే పని అయిపోయింది. బ్లాకు పై ముఖం కూడా అద్దంలా మెరుస్తోంది!

"చూడు బేటా, మన ఉప్పు నీళ్లు రేడియేటర్ల పోసి పోసి బ్లాకు మొకమంత గుంటలు పడ్డది. గాస్కెట్ ఏడ ఆగుతది? గుంటలు పోయేదాంక కోసిన. మీ బాపు బండి గదా, నువ్వు అడగకున్నా చేసిన."

ఎంత పోయిందో అక్కడే కొలిచాను. అటూ ఇటూగా మిల్లీమీటరు. పిస్టన్ల మీద నేను సంపాదించిన జాగానంతా ఆయన బ్లాకు మీద కోసి పారేశాడు. అదీ ఎంతో ప్రేమగా! ఎవరిని తిట్టాలి? "ఇది టర్బోకు, మొకం కోయొద్దుండె" అంటే నా అబద్ధం బయటపడుతుంది. "శుక్రియా ఉస్తాద్" అని బ్లాకు ఎత్తుకొచ్చాను.

టర్బోను అప్పుడైనా మూల పడేస్తే, ఇంజన్ మామూలుగా నడిచేది. నా బుద్ధి గడ్డి తిన్నది. పోయిన జాగా తిరిగి రావాలని, బ్లాకుకూ పైమూతకూ నడుమ ఒక్కటే వేయాల్సిన గాస్కెట్ రేకును రెండు చేసి, ఒకదాని మీద ఒకటి వేసి బిగించాను. తెలిసిన మెకానిక్ ఎవడూ చేయని పని అది.

మొదటిసారి బాపే నడిపాడు. జడ్చర్ల దారిలో ఎత్తు వచ్చేసరికి టర్బో ఈల వేసింది, కారు నిజంగానే ఉరికింది. "శభాష్ బిడ్డా!" అని బాపు నవ్వాడు. ఎత్తు దాటకముందే ఠప్పుమంది. వెనకంతా తెల్ల పొగ. షెడ్డుకు లాగించి విప్పితే, గాస్కెట్లు చీలి ఉన్నాయి, చెక్కించిన పిస్టన్ నెత్తికి చిల్లు పడింది, సిలిండర్ గోడ నిలువునా పగిలింది.

బాపు ఆ పగులు మీద వేలు పెట్టి చూశాడు. నేరుగా ఉస్తాద్ షాపుకు నడిచాడు, వెనకే నేను.

"నీ మాట మీదనే గదా భాయ్ గా టర్బో పెట్టనిచ్చిన. సరే అన్నవట. ఎట్లన్నవ్?"

ఉస్తాద్ మిషన్ ఆపాడు. టర్బో సంగతి ఆయన వినడం అదే మొదలు. నా ముఖంలోకి చూశాడు. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. తల దించి, నేల మీది ఇనుప రజను చూస్తూ నిలబడ్డాను.

"చెప్పి ఉంట భాయ్," అన్నాడు ఉస్తాద్. "తప్పు నాదే."

బాపు మళ్లీ ఆ గడప తొక్కలేదు. మరుసటి నెల నుంచి ఇంకొకరి జీపుకు డ్రైవరుగా పోయాడు. ఉస్తాద్ బజారులో ఎదురైతే "మీ బాపు బాగున్నడా?" అని అడిగేవాడు. "బాగున్నడు" అనేవాణ్ణి. ప్రతిసారీ ఇవాళ ఇంట్లో నిజం చెప్పేస్తాననుకునేవాణ్ణి.

కొన్నేళ్లకు ఉస్తాద్ పోయాడు. కబురు తెలిసి, "వస్తవా బాపూ?" అని అడిగాను.

"నా బండి పాడు చేసినోడు. నేను రాను. నువ్వు పో," అన్నాడు.

ఒక్కణ్ణే పోయి మట్టి వేసి వచ్చాను.