పొద్దున లేవని ముల్లు

రజాక్ చేతికి వచ్చిన ఇంజను బాగుపడకుండా ఇంటికి పోదని ఆ చుట్టుపక్కల పేరు. ఆ పేరును అందరికన్నా గట్టిగా నమ్మినవాడు రజాకే. ఖమ్మం దాటి భద్రాచలం వైపు పోతుంటే అడవి మొదలయ్యే చోట, రోడ్డు పక్కన రేకుల షెడ్డు అతనిది. నేలకొండపల్లిలో తాత గిన్నెలకు కళాయి పూసేవాడు, తండ్రి పెట్రోమాక్సు లైట్లు బాగుచేసేవాడు, ఇతను పొలాల ఆయిల్ ఇంజన్ల దాకా ఎదిగాడు. స్క్రూడ్రైవర్ కొనను ఇంజనుకు తాకించి, పిడిని చెవికి ఆనించుకుని, లోపల జబ్బేమిటో చెప్పేవాడు. నాడి పట్టే వైద్యుడైనా ఒక్కోసారి పొరబడతాడేమో గానీ తాను పొరబడనని అతని ధీమా. నిజానికి ఆ ధీమా అతనికి అందంగానే ఉండేది.

ఎనభై మూడులో పత్తికి మందు కొట్టే చిన్న విమానం ఆ ఊరికి వచ్చింది. అడవి అంచున ఎర్రనేల చదును చేసి దాన్ని దించారు. నడిపేది వెంకటరామారావు అనే పైలట్. మాట తక్కువ మనిషి, ఏది జరిగినా పుస్తకంలో రాసుకునే మనిషి. కంపెనీ మెకానిక్ జ్వరంతో హైదరాబాదు వెళ్లిపోతే, దసరా ముందు రజాక్‌ను సాయానికి పిలిచారు. పని నచ్చితే కంపెనీలో పర్మినెంటు హెల్పరుగా పెట్టమని ఉత్తరం రాస్తానని పైలట్ అన్నాడు. ఆ రోజు రజాక్ ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చాడు. భార్య సర్వరీ బేగం అంతా విని, విమానం ఎక్కేలోగా ఇంటి తలుపు గడియ బాగుచేయమంది.

డిసెంబరు దాకా అంతా సాఫీగా సాగింది. చలి ముదిరాక మొదలైంది తంటా. ఇంజను స్టార్టు చేసిన అర నిమిషంలో నూనె ఒత్తిడి చూపే ఆయిల్ ప్రెషర్ గేజి ముల్లు లేవాలి. లేవకపోతే ఆపెయ్యాలి. నూనె అందని ఇంజను గాల్లో పట్టేసిందంటే కింద దిగడానికి అడవి తప్ప ఏముంది? ఒకరోజు తెల్లవారుజామున ముల్లు పడుకున్నది పడుకున్నట్టే ఉంది. పదింటికి మళ్లీ చూస్తే ఏమీ ఎరగనట్టు లేచి నిలబడింది. కానీ పదింటికి గాలి లేస్తుంది, ఒకరి చేలో కొట్టిన మందు పక్కవాడి చేలో పడుతుంది. మందు కొట్టాలంటే తెల్లవారుజామునే కొట్టాలి, ముల్లుకేమో ఆ వేళకే బద్ధకం.

మొదటి రోజు రజాక్ నూనె మట్టం చూశాడు, సరిగ్గా ఉంది. రెండో రోజు ఎక్కువైన ఒత్తిడిని వదిలే వాల్వును విప్పి కడిగి పెట్టాడు, లాభం లేదు. మూడో రోజు తన షెడ్డులోని గేజి తెచ్చి, ఇంజనుకూ గేజికీ మధ్య ఉండే పొడుగు గొట్టం లేకుండా, నేరుగా ఇంజనుకే బిగించాడు. ఆ చలిలోనే దాని ముల్లు టక్కున లేచింది. ఇంజను నిక్షేపంలా ఉంది, విమానంలోని గేజిదే తప్పన్నాడు రజాక్. అబద్ధమాడే గేజితో తాను ఎగరనన్నాడు పైలట్.

తండా నుంచి వచ్చిన దేవ్లా ఆ మూడు రోజులూ చేను గట్టున తెల్లజెండా పట్టుకుని నిలబడ్డాడు. విమానానికి దారి చూపడం అతని పని, చేను కూడా అతనిదే.

"రజాక్ భాయ్, మా పత్తిల పురుగులు పెండ్లిళ్లు జేస్కుంటున్నయ్. నీ ముల్లు ఎప్పుడు లేస్తది?" అన్నాడు దేవ్లా. నవ్వుతూనే అన్నాడు గానీ అతని మూడెకరాల్లో సగం కాయలకు అప్పటికే బెజ్జాలు పడ్డాయి.

నాలుగో రోజు చీకటితోనే రజాక్ టీ తాగుతున్నాడు. సర్వరీ బేగం తలనూనె సీసాను పొయ్యి పక్కన పెట్టి, కరిగేదాకా కూర్చుని తిట్టుకుంటోంది. సీసాలో కొబ్బరినూనె తెల్లగా గడ్డకట్టి ఉంది. రజాక్ చేతిలో టీ అలాగే ఆగిపోయింది.

ఇంజను నుంచి గేజికి పోయే సన్నని రాగి గొట్టంలో నూనె పారదు, నిలిచి ఉంటుంది. అటు ఇంజను తోస్తే ఇటు ముల్లు కదులుతుంది. దసరా నాడు ఆ గొట్టం చిట్లితే అతికింది తనే. పల్చని నూనె నింపమన్నాడు పైలట్. డబ్బా చూస్తే ఖాళీ. పల్చనిదేదైనా పల్చనిదే కదా అనుకుని, ఇంట్లోంచి ఈ సీసాయే తెచ్చి పోశాడు. నింపావా అని అడిగితే నింపిన సార్ అన్నాడు. ఏం నింపావని ఎవరూ అడగలేదు.

పరుగెత్తి పోయి గొట్టం విప్పాడు. వేడి చేస్తే కొబ్బరినూనె కమ్మగా వాసన కొడుతూ జారింది. కిరోసిన్‌తో కడిగి, కొత్త డబ్బాలోని అసలు నూనె నింపి బిగించాడు. పైలట్ వచ్చి స్టార్టు చేస్తే ముల్లు చక్కగా లేచింది. ఆయన ఇంజను ఆపి, పుస్తకం తెరిచి, కారణమేమిటని అడిగాడు.

"మురికి అడ్డం పడ్డది సార్, కడిగిన," అన్నాడు రజాక్.

పైలట్ కలం మూసేశాడు. మురికి గొట్టం దాకా వచ్చిందంటే ఇంజనంతా ఉన్నట్టేననీ, మొత్తం విప్పి చూడాల్సిందేననీ, వారం పడుతుందనీ అన్నాడు. దూరంగా చలిలో దేవ్లా జెండా పైకెత్తి ఊపుతున్నాడు, ఇంజను చప్పుడు విని పాపం ఎంత ఆశపడ్డాడో. రజాక్‌కు ఆ జెండానే కనిపిస్తోంది. వారం ఆగితే దేవ్లాకు పత్తి ఉండదు. నిజం చెబితే తనకు ఉత్తరం ఉండదు.

"మురికి గాదు సార్. కొబ్బరినూనె. మా ఇంట్ల తలకు రాసుకునేది. నేనే పోసిన, చలికి గడ్డగట్టింది. ఇంజన్ల ఏ దోషం లేదు, దోషం నాదే."

పైలట్ కలం మళ్లీ తెరిచాడు. పుస్తకంలో ఏదో రాశాడు. అది ఇంగ్లీషు, రజాక్‌కు చదవరాదు. పైలటే తెలుగులో చదివి వినిపించాడు.

"గొట్టంలో కొబ్బరినూనె పోసింది రజాక్. కనిపెట్టింది రజాక్. చెప్పింది రజాక్. మూడింటి పక్కనా సంతకం పెట్టు."

ఆ మాటలో కోపముందో మెప్పుందో తెలియక రజాక్ మూడు సంతకాలూ పెట్టాడు. పైలట్ మరి దేన్నీ విప్పి చూడలేదు, అద్దం మూసుకుని ఎగిరిపోయాడు. దేవ్లా చేను మీద మందు తెల్లటి తెరలా దిగింది. పురుగుల పెండ్లిళ్లు ఆగిపోయాయని దేవ్లా ఊరంతా చాటాడు.

సంక్రాంతి లోపే కంపెనీ నుంచి ఉద్యోగం కాగితం వచ్చింది. ఆరు సీజన్లు చేశాడు రజాక్. విమానం రావడం మానేశాక షెడ్డుకే తిరిగొచ్చాడు, ధీమా మాత్రం సగమే వెంట తెచ్చుకున్నాడు. పైలట్ వెళ్లేముందు చింపి ఇచ్చిన ఆ పేజీ కార్బన్ నకలు షెడ్డు గోడకు అద్దం కట్టించి పెట్టాడు. ఇంజను తెచ్చినవాళ్లు టీ తాగుతూ దాన్ని చూస్తారు. మొదటి సంతకం వంకర టింకరగా ఉంటుంది. రెండోది కాస్త నయం. మూడోది మాత్రం గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది.