రావులపాలెంలో అరటిపళ్లు పంచిన పిల్ల

ఆ రోజుల్లో ఉద్యోగం వచ్చిందంటే ఊరేదని ముందు ఎవరూ అడిగేవారు కాదు. ఆర్డరు చేతికొచ్చాక అట్లాసు తీసి వెతుక్కునేవాళ్లం. నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చినప్పుడు మా ఇంట్లోనూ అదే జరిగింది. నాన్న లూధియానా దగ్గర ఒక నూలు మిల్లులో పనిచేసేవారు. నేను పుట్టిందీ పెరిగిందీ అక్కడే. తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడానికీ, అమ్మ తిడితే అర్థం చేసుకోవడానికీ సరిపోయేంత వచ్చు. అలాంటి నన్ను రావులపాలెంలో చేరమన్నారు. అట్లాసులో ఆ ఊరు లేదు (రాజమండ్రి ఉంది, దాని కింద నాన్న పెన్సిలుతో ఒక చుక్క పెట్టి, "ఇదే అయ్యుంటుంది" అన్నారు). దేశం ఆ చివర నుంచి రైళ్లు మారి మారి రాజమండ్రిలో దిగి, ధవళేశ్వరం మీదుగా బస్సులో వచ్చి పడ్డాం. నాన్న గది కుదిర్చి, నన్ను బ్యాంకులో చేర్చి, తిరిగి వెళ్లేటప్పుడు బస్టాండులో, "నెల రోజులు చూడమ్మా. ఉండలేకపోతే ఒక్క ఫోను చెయ్యి, వచ్చి తీసుకెళ్లిపోతాను" అన్నారు. ఆయన బస్సు కదలకముందే నేను ఆ ఫోను చెయ్యడానికి సిద్ధంగా ఉన్నాను.

గది ఒక అరటి రైతుగారి ఇంటి వెనక వాటా. ఆయన్ని బాబాయిగారనీ, ఆయన భార్యని పిన్నిగారనీ పిలవమని నాన్నే వరస కలిపి వెళ్లారు. ఆ సాయంత్రమే పిన్నిగారు స్టీలు గిన్నెలో వంకాయ కూర తెచ్చి, "ఒక్కదానివే ఏం వండుకుంటావులేమ్మా, తినేసి పడుకో" అన్నారు. కూర తింటూ ఏడ్చాను (కొంత కారానికి, మిగతాది అమ్మ గుర్తొచ్చి). అసలు చిక్కు మర్నాడు మొదలైంది. ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగిస్తే మర్యాద కాదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ నూరిపోసింది. నాకా, రొట్టెలు కాల్చడం, బంగాళాదుంపలు ఉడకబెట్టడం తప్ప వేరే వంట రాదు. మొదటిసారి పంచదార పోసి ఇచ్చాను. వెంటనే అదే గిన్నెలో పులిహోర వచ్చింది. నా పంచదార డబ్బా అడుగు కనపడుతోంది.

దేవుడే పంపినట్టు ఆ వారం బ్యాంకుకి ఒక పెద్దాయన అరటి గెల మోసుకొచ్చి నా బల్ల పక్కన ఆనించారు. "కొత్తగా వచ్చారు కదండీ. మన తోటవేనండి" అన్నారు. వద్దనబోతే మేనేజరుగారు, "తీసుకోండమ్మా, లేపోతే బాధపడతారు" అని గుసగుసగా చెప్పారు. ఇక నా కష్టాలు తీరాయనుకున్నాను. ఆ రోజు నుంచి గిన్నె కడిగి, తుడిచి, గెల నుంచి ఒక అత్తం (డజను పళ్ల చీలికని అక్కడ అలా అంటారు) కోసి, అందంగా ఉంటుందని ఎర్ర ఊలుదారం కట్టి ఇచ్చేదాన్ని. రావులపాలెం అంటేనే అరటి మార్కెట్టు. పొద్దున్న లేస్తే లారీలకి గెలలు ఎక్కించే కేకలతోనే మెలకువ వచ్చేది. పిన్నిగారి వరండాలో కూడా దూలానికి గెలలు వేలాడుతుండేవి. ఆ గెలలు తలకి తగలకుండా వంగి లోపలికెళ్లి, నేను ఆవిడకి అరటిపళ్లు ఇచ్చేదాన్ని. "అయ్యో, ఎందుకమ్మా ఇయ్యన్నీ" అని ఆవిడ రెండు చేతులా అందుకునేవారు. మొహమాటపడుతున్నారు, పాపం, అనుకునేదాన్ని.

ఎదురింటి టీచరుగారు కూడా అప్పటికి నాకు కూరలు పంపడం మొదలుపెట్టారు. ఒకనాడు ఆవిడ పంపిన క్యారేజీ మీద ఒక అరటి అత్తం ఉంది, కాస్త నల్లబడి. దానికి నా ఎర్ర ఊలుదారం ఉంది. పిన్నిగారు పారేయలేక ఆవిడకిచ్చారన్నమాట. ఆవిడా పారేయలేక, పాపం కొత్తపిల్ల తింటుందిలే అని నాకే పంపారు. దారం చూసిన క్షణంలో సంగతంతా అర్థమై సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాత గిన్నెల్లో ఏం పెట్టాలో తోచలేదు. ఖాళీగా ఇవ్వడానికి చేతులు రాలేదు. గిన్నెలు పేరుకుపోయాయి. పిన్నిగారు తలుపు తడితే లైటు ఆపేసి ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. పలకరించే మనుషులే లేరని ఏడ్చినదాన్ని, పలకరించడానికొస్తే దాక్కుంటున్నాను. బ్యాంకు పని అలవాటవుతూనే ఉంది. మనుషుల మధ్య బతకడమే నాకు చేతకావడం లేదనిపించింది. నెల కావస్తోంది. ఆదివారం నాన్నకి ఫోను చేసి రమ్మందామని నిశ్చయించుకుని, శనివారం సాయంత్రం గిన్నెలన్నీ ఎత్తుకుని వెళ్లాను.

"పిన్నిగారూ, మీ గిన్నెలండీ. ఖాళీగానే తెచ్చాను, ఏమీ అనుకోకండి" అంటూనే ఏడ్చేశాను.

ఆవిడ నా మొహం, గిన్నెలూ మార్చి మార్చి చూశారు. "ఖాళీగా కాపోతే ఎలా తెత్తారమ్మా? ఇన్నాళ్లూ నువ్వు తెచ్చిన పళ్లతో సచ్చిపోతన్నాం" అన్నారు.

వరండాలోంచి బాబాయిగారు అందుకున్నారు. "ఊరుకోవే. అరటిపండంటే ఎలాగుంటదో మనకీ తెలియాలని అమ్మాయి చూపిత్తంది."

"మీరు మాటాడకండి" అని ఆయన నోరు మూయించి, పిన్నిగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "మా అమ్మాయిని తునిలో ఇచ్చాం. వచ్చినప్పుడల్లా పచ్చడనీ కూరనీ గిన్నెలు పట్టుకుపోద్ది. ఇంతవరకూ ఒక్కటి తిరిగిచ్చిన పాపాన పోలేదు. ఎక్కడైనా ఆడపిల్ల అమ్మకి గిన్నె తిరిగిత్తదా? నువ్వేమో తోమి, తుడిచి, దారాలు కట్టి తెత్తంటే, ఈ పిల్ల నన్ను పరాయిదాన్ని చేసేత్తందే అని నేను రోజూ ఈయనతో అనుకోడమే." నా కళ్లు కొంగుతో తుడిచి, నేను తెచ్చిన గిన్నెల్లో ఒకదాంట్లోనే పప్పు పోసి చేతికిచ్చారు.

ఆదివారం ఎస్టీడీ బూతు నుంచి నాన్నకి ఫోను చేశాను. "ఏమ్మా, రమ్మంటావా?" అన్నారు. వద్దన్నాను. ఇక్కడ నన్ను బాగా చూసుకుంటున్నారని చెప్పాను. నాన్న "మంచిదేనమ్మా" అన్నారు. ఆ మాటలో సంతోషం ఎంత ఉందో దిగులూ అంతే ఉందని నాకు పిల్లలు పుట్టాక తెలిసింది.

తర్వాత బదిలీలతో చాలా ఊళ్లు తిరిగి చివరికి రాజమండ్రిలో స్థిరపడ్డాను. ఈమధ్య మా పై వాటాలోకి పాట్నా నుంచి ఒక అమ్మాయి ఉద్యోగానికొచ్చి దిగింది. కూర పంపితే గిన్నె అద్దంలా తోమి, అందులో బిస్కెట్ ప్యాకెట్ పెట్టి తెస్తుంది (మా ఇంట్లో ఆ బిస్కెట్లు ఎవరూ ముట్టరు). నేనూ రెండు చేతులా అందుకుని, ఎందుకమ్మా ఇవన్నీ అంటున్నాను. అసలు సంగతి చెప్పేద్దామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. తనంతట తనకే తెలియాలని ఊరుకున్నాను. నిన్న సాయంత్రం ఆ పిల్ల మొన్నటి గిన్నె తేకుండా ఖాళీ చేతులతో దిగివచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, వచ్చీరాని తెలుగులో "ఆంటీ, ఈరోజు కూర ఏంటి?" అని అడిగింది. నేను వేరే గిన్నె తీశాను.