ఆకుతోటలోకి బూట్లతో

తెల్లవారకముందే పడమటి కిటికీలోంచి తడిమట్టి వాసన వచ్చింది. వాన ఇంకా రాలేదు. యీషున్‌లో పన్నెండో అంతస్తు దాకా మట్టి వాసన వచ్చిందంటే, దాని వెనకాలే సముద్రం దాటి సుమాత్రా పెనుగాలి వస్తుంది. లేచి దీపం వేసి, క్యాలెండర్‌లో ఆనాటి తారీఖు పక్కన ‘గాలి’ అని రాశాను. కిటికీ బయటికి చాపి బట్టలు ఆరేసిన వెదురుకర్రలు లోపలికి లాగుతుంటే సూరమ్మ అత్త గుర్తుకొచ్చింది. గాలి వాసన పట్టడం నాకు నేర్పింది ఆవిడే.

ఇప్పుడీ అపార్టుమెంట్లున్న చోట, నా పంతొమ్మిదో ఏట, తోటలుండేవి. సూరమ్మ అత్తది తమలపాకుల తోట. వాళ్ల తాతలు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చారు. భర్త పోయాక ఆ తోట ఒక్కటే ఆవిడకు ఆధారం. నేను అక్కడ కూలికి ఆకు కోసేదాన్ని. బొటనవేలికి రేకుగోరు తొడుక్కుని, తొడిమ నలగకుండా తెంపాలి. తీగను అవిసె చెట్టుకు అరటినారతో కట్టేటప్పుడు ముడికీ తీగకీ మధ్య వేలు దూరాలి. నా ముడులన్నీ ఆవిడ వేలు పెట్టి చూసేది. దూరకపోతే విప్పేసేది. “పీక పిసికినట్టు కట్టావేటే! అది పెరగాలా వద్దా?” అనేది.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది, చెప్పులు గట్టు మీదే విప్పాలి. ఆకుతోటను గుడిలా చూడటం వాళ్ల ఆచారం. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు లోపల అడుగు పెట్టకూడదు. ఆ రోజుల్లో నేను గట్టు మీద కూర్చుని కట్టలు కట్టేదాన్ని. పక్క మడిలో ఆకుకూరలు పండించే చీనా ముసలాయన లిమ్ అంకుల్ ఒకసారి రబ్బరు బూట్లతో రెండడుగులు లోపలికి వేశాడు. అత్త వేసిన కేకకు ఆయన బుట్ట అక్కడే వదిలేసి వెనక్కి నడిచాడు. తర్వాత వారం రోజులు ఆయన ముఖం చూడలేదు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. బావి అడుగున బురద కనిపించింది. లిమ్ అంకుల్ మడిలో ఆకుకూర పసుపుపచ్చకు తిరిగింది. మా తోటలో మాత్రం అవిసె కొమ్మల నీడన తీగలు పచ్చగానే ఉన్నాయి. గాలుల కాలం వచ్చేముందు ఆ కొమ్మల తలలు నరకాలి, లేకపోతే గాలి వాటిని పట్టి చెట్టును వంచేస్తుంది. నరికితే నీడ పోయి ఆకు మాడిపోతుంది. అత్త రోజూ కత్తి పట్టుకుని వచ్చేది, తల పైకెత్తి చూసేది, కత్తి చూర్లో పెట్టేసేది.

“అంగిన్ బెసార్,” అన్నాడు లిమ్ అంకుల్ గట్టవతల నుంచి. పెద్ద గాలి వస్తుందని.

“ఎండ కళ్లకి కనబడతంది. గాలెక్కడుందీ, నీ జేబులో ఉందేటి?” అంది అత్త తెలుగులోనే. ఆయనకు అర్థమైనట్టే ఉంది, చేతులు తిప్పి వెళ్లిపోయాడు.

నాలుగు రోజులకు తెల్లవారుజామున వానతో గాలి వచ్చింది. వెలుతురు వచ్చేసరికి సగం తోట నేలమీద ఉంది. అవిసెలు ఒకదానిమీద ఒకటి ఒరిగాయి, తీగలు బురదలో పడున్నాయి. అప్పటికే వాన వెలిసింది, మబ్బు విడిపోతోంది. అసలు భయం అదే. ఎండెక్కేలోగా తీగను లేపి నీడకు కట్టకపోతే లేత కొనలన్నీ ఉడికిపోతాయి. మళ్లీ నాటితే ఆకు చేతికి రావడానికి నెలలు పడతాయి. అన్ని నెలలు అత్త ఏం తిని బతకాలి?

నేను గట్టు మీదే ఆగిపోయాను. “అత్తా, నేను లోపలికి రాకూడదు,” అన్నాను.

ఆవిడ మోకాళ్ల లోతు ఆకులో కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. “తోట సచ్చిపోతంటే మడేటే? రాయే!”

వెళ్లాను. కాసేపటికి లిమ్ అంకుల్ కొడుకుతో, కోడలితో వచ్చాడు. ముగ్గురి కాళ్లకూ బూట్లే. గట్టు దగ్గర ఆయన వంగి బూటు లాగబోతే బురదకు అది రాలేదు. అత్త ఆ బూట్ల వైపు చూసింది. నోరు తెరిచింది. మళ్లీ మూసుకుని ఆయన చేతికి అరటినార ఇచ్చింది. ఎండ నెత్తి మీదికొచ్చేదాకా కట్టాం. అంత తొందరలోనూ లిమ్ అంకుల్ ముడుల్లో వేలు పెట్టి చూసి, రెండు విప్పించింది.

మధ్యాహ్నం నేను గాలిని తిడుతుంటే, “దాన్నేటికి తిడతావే. కొమ్మలుంచింది నేను,” అంది. పడిన తోటలో మూడోవంతు పోయింది, మిగతాది నిలిచింది.

మరుసటి నెల ఆ రోజుల్లో నేను మామూలుగా తోటలోకి నడిచాను. “ఆగు. గట్టు మీద కూకో,” అంది అత్త.

“ఆ రోజు నువ్వే కదా రమ్మన్నావు?”

“ఇల్లంటుకుంటే గోడ దూకొత్తారు. అలాగని రోజూ గోడే దూకుతారేటే?”

నాకు కోపం వచ్చింది. ఆ నెలసరి ఆచారం సరైనదని ఇప్పటికీ అనను. నా కూతురికి నేర్పలేదు. కానీ ఆ మాట మాత్రం నాతో వచ్చింది. తంజోంగ్ పగార్‌లో ఒక ఆఫీసులో పదవీ విరమణ దాకా లెక్కలు చూశాను. సంతకం లేనిదే చీటీ కదలనిచ్చేదాన్ని కాదు. ఒకనాడు ఒక గుమస్తా భార్యకు పురుడు కష్టమైందని ఫోనొస్తే, ఏ కాగితమూ లేకుండా కంపెనీ వ్యాను తాళం అతని చేతిలో పెట్టాను. బిడ్డ పుట్టి, అతను మిఠాయితో వచ్చిన పొద్దున, ముందు సంతకం పెట్టించి తర్వాతే మిఠాయి తీసుకున్నాను. ఆఫీసంతా నవ్వింది.

ఈ పొద్దున గాలి కొట్టగానే, వరండా రెయిలింగుకు పాకించిన నా తమలపాకు తీగ ఒక్కసారిగా ఊడి పడింది. మనవరాలు నిత్య ఆఫీసుకు తయారై ఉన్నపళంగా పరిగెత్తుకొచ్చి, ఆ కుండీ దగ్గరికి నేనెప్పుడూ రానివ్వని చెప్పులతోనే దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని తీగను ఎత్తి పట్టుకుంది. నేను నార చుట్టాను.

“టైట్‌గా కట్టు లా, అమ్మమ్మా! మళ్లీ ఎగిరిపోతుంది!” అంది, ఇక్కడి పిల్లల్లాగే మాట చివర ‘లా’ తగిలిస్తూ.

“వేలు పెట్టి చూడు. దూరిందా?”

“దూరింది.”

“అయితే చాలు.”

గాలి తగ్గింది. తీగ నిలబడింది. నిత్య లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుంది. నేను దాని కాళ్ల వైపు చూశాను.

“ఇప్పుడా!” అంది అది.

“ఇప్పుడే,” అన్నాను.

నవ్వుతూ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, తడి గచ్చు మీద ఒట్టి కాళ్లతో లోపలికి నడిచింది.