చెక్క గంట కట్టిన బండి

మా చిన్నాయన పోయిన కబురు ఉదయగిరి బస్సులో ఆత్మకూరుకు వచ్చింది. డిపో ఎదురుగా టైర్ల అంగట్లో నేను పని చేస్తాను. కండక్టరు మెట్టు దిగకుండానే నన్ను కేకేసి, "మీ చిన్నాయన మధ్యాన్నం పోయినాడంట. బండి ఇట్టే తిరిగి పోతాది, ఎక్కు" అన్నాడు. ఏమైందని అడిగాను. "ఏమీ కాలేదంట. కూచున్నోడు కూచున్నట్టే" అన్నాడు.

ఆయన మా నాయనకు తమ్ముడు. ఇరవై ఏళ్లకు పైగా సముద్రం ఒడ్డున ఒక రేవులో బండి తోలాడు. ఏ రేవని ఎవరడిగినా "రేవు" అనేవాడు, అంతే. ఓడల నుంచి దిగిన బస్తాలను రెండు ఇనుప కొమ్ములతో ఎత్తి, గోదాములో గుట్టలుగా పేర్చే బండి అది. మొదట్లో అవి డీజిలు బండ్లు. మూసిన గోదాములో పొగ నిలిచిపోయేది. సెలవుకు వచ్చినప్పుడు ఆయన ముక్కు చీదితే రెండు రోజుల దాకా నల్లగానే వచ్చేది.

ఈ తొంభైల మొదట్లో గోదాముల్లో డీజిలు బండ్లు తీసేసి, కరెంటుతో ఛార్జి చేసే బ్యాటరీ బండ్లు పెట్టారు. ఆ ఏడు ఆయన మొహం తేటపడి వచ్చాడు.

"పొగ లేదు, మోత లేదు అబ్బయా. పెండ్లికొడుకు మాదిరి పోతాండాను" అన్నాడు.

బ్యాటరీ యాసిడ్ పడి జల్లెడైపోయిన చొక్కాను చిన్నమ్మ దండెం మీద నుంచి తీసి చూపించింది. "ఇదిగో, పెండ్లికొడుకు చొక్కా. చూసుకోండి."

ఆ తర్వాత సెలవుకు వచ్చిన మనిషి వేరు. వంటింట్లోకి పోవాలంటే ముందు ద్వారబంధం మీద వేళ్లతో కొట్టేవాడు. ఎవరి వెనక నడిచినా దగ్గుతూ నడిచేవాడు. ఎవరైనా వాకిలికి వీపు పెట్టి కూర్చుంటే లేపి, ఇటు తిరిగి కూచోమనేవాడు. చర్చిలో ఎప్పుడూ వెనక బెంచీ మీద కునికే మనిషి మొదటి బెంచీకి మారాడు. సంఘ పెద్ద నవ్వి, "ఉన్నట్టుండి ఇంత భక్తి ఏందిరా నీకు?" అన్నాడు. "భక్తి కాదన్నా. వెనక కూచుంటే అన్నీ వీపులే కనపడతాండాయి" అన్నాడు చిన్నాయన. పెద్దకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

తర్వాత నాకు చెప్పాడు, ఒక్కసారే. ఆవును తోలుకు రావడానికి ఇద్దరం కొండెక్కుతున్నాం. మా పక్క కొండకు మేతకు పోయే పశువుల మెడకు చెక్క గంట కడతారు. పశువు పొదల్లో కనపడకపోయినా గంట చప్పుడును బట్టి ఎక్కడుందో తెలుస్తుంది. ఆయన ఆ చప్పుడు వింటూ నిలబడిపోయాడు.

"గోదాములో మన ఆత్మకూరు పక్కోడు ఒకడుండేవాడు, హమాలీ. నాకు వీపు పెట్టి, గుట్ట కాడ నిలబడి తలగుడ్డ చుట్టుకుంటా ఉండాడు. నేను పై బస్తా చూస్తా తోలినా. పాత బండైతే ఆ మోతకి వాడు ఎప్పుడో పక్కకు పోయుండు. బండి వాణ్ణి గుట్టకు అదిమేసినాక మెడ తిప్పి నన్ను చూసినాడు. అరవలేదు. 'ఎప్పుడొచ్చినావురా?' అన్నాడు. ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు."

ఆ మనిషి మూడో రోజు పోయాడట.

"హారన్ కొట్టలేదా చిన్నాయనా?"

"హారను మనం చూసినోడికి కొడతాం. చూడనోడికి ఎవరు కొట్టేది?"

ఆ సెలవులోనే ఉదయగిరిలో గరిటెలు చెక్కే సాయిబుతో ఒక చెక్క గంట చేయించుకుని రేవుకు పట్టుకుపోయాడు. బండి కింద కట్టాడు. హమాలీలు "ఎద్దొచ్చె, ఎద్దొచ్చె" అని నవ్వారు. ఆఫీసరు వచ్చి, "ఇది రేవా, గొడ్ల కొట్టమా?" అని విప్పించాడు. తెల్లారి ఈయన మళ్లీ కట్టాడు. మూడుసార్లు అట్లాగే జరిగింది. ఇంకోసారి కడితే ఇంటికి పంపుతామన్నారు. చిన్నాయన బండి పక్కన కింద కూర్చున్నాడు. గంట లేకుండా తోలనన్నాడు. ఉద్యోగం పోతే ఇల్లు గడిచే దారి లేదు. అది ఆయనకు తెలుసు.

ఆయన్ని కాపాడింది నవ్విన హమాలీలే. "మాకా గంట కావాల. మిగతా బండ్లు ఎప్పుడొస్తాయోనని తిరిగి తిరిగి మెడలు పట్టుకుపోతాండాయి" అన్నారట. ఆఫీసరు మళ్లీ గంట విప్పించలేదు. తర్వాతి సెలవుకు చిన్నాయన గోతాంలో ఎనిమిది గంటలు వేసుకుపోయాడు.

టైర్ల పని చేసే నేను, బస్సు కింద దూరే ముందు డ్రైవరును పేరు పెట్టి పిలిచి, వాడు పలికాకే దూరతాను. అది ఆయన నేర్పిందే.

రెండేళ్ల కిందట ఉద్యోగం చాలించి వచ్చేటప్పుడు ఒక గంట వెంట తెచ్చుకున్నాడు. సైకిలు సీటు కింద కట్టాడు. ఊరి బయట, రెండు గట్ల మధ్య ఇరుకు దారిలో వెనక నుంచి లొటక్ లొటక్ మని వినపడితే, ఎవరూ తిరిగి చూడకుండానే ఎడమ పక్కకు తప్పుకునేవాళ్లు. ఆయన దాటిపోతూ, "ఉండండి, ఉండండి" అనేవాడు.

ఆయన పోయిన రోజు పొద్దున ఆ గంట నాలుక అరిగి ఊడిపోయింది. దాన్ని బాగుచేయమని సాయిబుకిచ్చి, గంట లేని సైకిలును నడిపించుకుంటూ ఇంటికి వచ్చాడు. తర్వాతి సంగతి చిన్నమ్మ చెప్పింది.

"పొయ్యి కాడ ఉండా. ద్వారబంధం మీద కొట్టలేదు, దగ్గలేదు. ఎనకాల ఎవరో ఉన్నట్టనిపించి తిరిగినా. గోడకానుకోని కూచోనుండాడు, నా పక్కే చూస్తా. ఎప్పుడొచ్చినావని అడిగినా."

రేవులో ఆ ఆత్మకూరు హమాలీ అడిగిన మాట చిన్నాయన ఆమెకు ఎప్పుడైనా చెప్పాడో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు.

మట్టి చేసిన మూడో రోజు సాయిబు తనే గంట పట్టుకొచ్చాడు, కొత్త నాలుక వేసి. చిన్నమ్మ దాన్ని పెయ్య మెడకు కట్టి కొండకు తోలింది.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక చిన్నమ్మ, సంఘ పెద్ద, నేను ముగ్గురం ఆ ఇరుకు దారిన వస్తున్నాం. వెనక లొటక్ లొటక్ మని వినపడింది. పెయ్య మేతకు పోయి ఉంది. కొండ కింద చప్పుడు ఏ పక్క నుంచి వచ్చేదీ ఒక్కోసారి తెలియదు. ఎవరం తిరిగి చూడలేదు. ముగ్గురం ఎడమ పక్కకు తప్పుకుని గట్టుకు ఆనుకున్నాం. చప్పుడు దగ్గరికొచ్చింది, మా వెనకే ఆగింది. సైకిలు దాటిపోయేంత సేపు గడిచింది. ఎవరూ దాటిపోలేదు. మేము దారి వదిలి అట్లాగే నిలబడి ఉన్నాం.