మందుసామి పాదాల కింది పేరు

పదకొండేండ్ల క్రితం బిజినేపల్లికి రెండు కోసుల దూరంలోని గుట్ట మీద, రాతిముఖాన మలచిన మూడు బౌద్ధమూర్తులను చూచాను. నడిమి మూర్తి పాదాల క్రింద రెండు పంక్తుల శాసనం ఉన్నది. “సర్వజనుల వ్యాధి శమించుటకై” అన్న మొదటి పంక్తిని వ్రాసుకొనేంతలో వాన అందుకొన్నది. చేయించినవాని పేరు రెండవ పంక్తిలో ఉండాలి. శిల ఎక్కడికి పోతుందిలే అని వెనుదిరిగాను. ఇప్పుడు కండ్లకు పొర కమ్ముతున్నది. చూపు పోకముందే ఆ పేరు చదవాలని ఈ మాఘంలో బయలుదేరాను.

వనపర్తిలో ఆరింటికి బస్సెక్కితే ఏడున్నరకు బిజినేపల్లి చేరాను. అక్కడ ఖాసిం అనే ఆయన ఎడ్లబండి, రానుపోను నిజాము హాలీ నాణెంలో రూపాయిన్నరకు కుదిరింది. దారి రెండు గంటలు.

“గాడ ఏమున్నయి పంతులూ? ముక్కులు లేని బొమ్మలు. మా ఎడ్లు గూడ మొకం తిప్పుకుంటయి.”

“అక్షరాలున్నాయి ఖాసిం.”

“అచ్చరాలా? గవి తింటరా ఏంది?” అని నవ్వాడు.

మూర్తుల ముఖాలను వానలు ఎప్పుడో నునుపు చేశాయి. నడిమి మూర్తి పాదాల వద్ద మాత్రం రాయి తెల్లగా, కొత్తగా ఉన్నది. పసిబిడ్డను కొంగుతో వీపున కట్టుకొన్న ఒక తల్లి అక్కడ కొడవలితో గీకుతున్నది.

“ఏం చేస్తున్నావమ్మా?”

“మందుసామి గదా అయ్యా. పొడి పాలల్ల కలిపి తాపుత. మూడు దినాలాయె, బిడ్డకు జరం దిగుతలేదు.”

“ఇక్కడ వ్రాత ఉండాలే?”

“గా గీతలా? గీతలున్న తాన రాయి అల్కగ రాల్తది. ఊరంత గాన్నే గీకుతరు.”

తడిమి చూచాను. రెండవ పంక్తి ఉన్నచోట గరిటెలాంటి గుంట. అంచున ఒక్క అక్షరపు తోక మిగిలింది. కొడవలి దాని మీదనే ఆడుతున్నది. ఆపమని నోటిదాకా వచ్చింది. బిడ్డ ఎగశ్వాస వినబడి, “బండి ఉన్నదమ్మా, దవాఖానకు పోదాం పద,” అన్నాను.

“నిన్ననే పొయ్యొచ్చిన. సీసల మందు తాపిన, కక్కింది.” ఆమె నా ముఖంలోకి చూచింది. “నీ కండ్లు గూడ తెల్లగైనయి అయ్యా. జర రాస్కో,” అంటూ చిటికెడు పొడి నా అరచేతిలో పెట్టింది. పాదాల వైపు చూచాను. తోక లేదు.

పరుల కోసం తమ దేహాన్ని కోసి ఇచ్చిన బోధిసత్త్వుల కథలు తలచుకొని మనసును ఊరడించబోయాను, ఊరడిల్లలేదు. ఆ పొడికి జ్వరం దిగదని నాకు తెలుసు. ఆ పేరు ఇక ఎవరికీ తెలియదు. నేను చదివిన చదువు ఆ బిడ్డకూ అక్కరకు రాలేదు, ఆ పేరుకూ రాలేదు. ఇల్లు చేరేదాకా పిడికిలి విప్పలేదు.

పోదలచినవారు ముందురాత్రి బిజినేపల్లిలోనే ఉండి, ఎనిమిదిలోపు గుట్ట చేరండి. ఏటవాలు ఎండలోనే గీతలు తేటపడతాయి. మిగిలినది ఎంతైనా, వాన పడుతున్నా, ముందు వ్రాసుకోండి.