చెవులపిల్లి పెట్టిన వేగం

చప్పుడు చేసేదాన్నే మనుషులు ఎందుకు నమ్ముతారు? ఇంత వయసొచ్చింది, జీవితమంతా పుస్తకాల మధ్యే గడిచింది, ఈ ప్రశ్నకు మాత్రం నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. అడిగింది నా అద్దె పుస్తకాల కొట్టు పక్కనే కంప్యూటర్లు బిగించే అమ్మాయి. అడిగి, జవాబు కోసం చూడకుండా మళ్ళీ స్క్రూడ్రైవర్ అందుకుంది.

మా రెండు కొట్లకూ మధ్య ఉన్నదాన్ని గోడ అనడం మర్యాదకే. ఉత్త ప్లైవుడ్ చెక్క. అటువైపు ఎవరైనా తుమ్మితే ఇటునుంచి నేను "చిరంజీవ" అనేదాన్ని. ఆ కొట్టు ఆమె బావది, అంటే అక్క భర్తది. అమ్మకాలు, బేరాలు, కస్టమర్లతో కబుర్లు ఆయనవి. బిగింపు ఆమెది. ముప్పై దాటిన మనిషి. అక్కావాళ్ళింట్లోనే ఉండేది, కానీ ఆమె ఇల్లు నిజానికి ఆ కొట్లోని బల్లే. చిన్న చప్పుడు కూడా ఆమె చెవిని దాటిపోదని బావ ఆమెకు చెవులపిల్లి అని పేరు పెట్టాడు. వెక్కిరింపుగా పెట్టిన పేరు, వీధంతా ముద్దుపేరు చేసుకుంది.

ఆమె పని తీరు ఒకటుండేది. మిషను బిగించి, నడిపించి, దాని దగ్గర నిలబడేది కాదు. గబగబా నా కొట్లోకి వచ్చి, చెక్కకు ఆనించిన పీట మీద కూర్చుని కళ్ళు మూసుకునేది.

"పిన్నిగారూ, ఒక్క నిమిషం పేజీ తిప్పకండి."

"పేజీ తిప్పితే నీ మిషను వినపడదా ఏమిటే?"

"మీ పేజీలే ఎక్కువ వినపడుతున్నాయి. అంటే పని అయినట్టే."

చెక్కకు ఇవతల వినిపిస్తే ఆమె లెక్కలో అది పనికిరాని బిగింపు. లేచి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టేది. కంప్యూటరు పెట్టెకు ముందువైపు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగుతాయి, వెనక ఒకటి వేడిని బయటికి తోస్తుంది. ఎంత వేడికి ఎంత వేగంగా తిరగాలో తెరమీద ఒక గీతగా గీసి పెట్టుకోవచ్చు. చాలామంది ఆ గీత జోలికే పోరు. ఈమె దాన్ని ముగ్గులా దిద్దుకునేది.

"ముందు ఫ్యాన్లు రెండూ దాదాపు ఒకే వేగంతో తిరిగితే ఒకదాని గొంతు ఒకటి పట్టుకుని ఊగుతాయి పిన్నిగారూ. వుమ్మ్... వుమ్మ్... అని. కొంచెం ఎడం పెట్టాలి, తోడికోడళ్ళకి పెట్టినట్టు."

ఒక వేసవిలో ఆమె గీత దెబ్బతింది. వీడియోలు తయారుచేసే స్టూడియో ఆయన తన మిషనును చంటిపిల్లలా చేతుల్లో మోసుకొచ్చాడు.

"సగం పనిలో ఉండగా టప్పున ఆగిపోయిందండీ. ఒకసారి కాదు, కూర్చున్నప్పుడల్లా."

"ఆగదా మరి?" అన్నాడు బావ. వీధికి వినపడేలా అన్నాడు. "మా చెవులపిల్లిగారు మెల్లగా తిరగమన్నారు. అది మెల్లగానే ప్రాణం వదిలింది."

ఆమె మిషనును బల్ల మీదికి ఎక్కించింది. పెట్టె విప్పింది, ఆయన చేసే పనే దానిచేత చేయించి చూసింది. మధ్యాహ్నానికి లేచి నిలబడి, "తప్పు నాదే" అంది.

చెక్కకు ఇవతల నేను పుస్తకం దించేశాను. ఆ మాట అనడం ఆమెకు అలవాటు లేదు.

"కానీ తప్పు వేగంలో లేదు బావా. ఫ్యాన్లను ప్రాసెసర్ వేడి చూసి తిరగమన్నాను. ఈయన పనికి మండేది ప్రాసెసర్ కాదు, గ్రాఫిక్స్ కార్డు. ఒకడికి జ్వరమొస్తే పక్కవాడి నుదురు పట్టుకు చూసి బాగానే ఉందనుకున్నాను."

"నీ జ్వరాలూ నుదుళ్ళూ నాకొద్దు. ఇవాళ్టి నుంచి ఈ కొట్లోంచి బయటికెళ్ళే ప్రతి మిషనుకీ అన్ని ఫ్యాన్లూ ఫుల్లు. వేడి గొడవా ఉండదు, కస్టమరు గొడవా ఉండదు."

"నా చేత్తో పెట్టను."

"నీ చెయ్యెవడిక్కావాలి? కొట్టు నాది."

"కొట్టు నీది. బిగింపు నాది."

"బిల్లు మీద నీ పేరుందా?"

"తిట్లు నా పేరు మీదే వచ్చాయిగా ఇందాక!"

స్టూడియో ఆయన నీళ్ళు నమిలాడు. బావ ఆయన వైపు తిరిగాడు. ఆ సందులో ఆమె పందెం వేసేసింది. ఫ్యాన్లను ఇక గ్రాఫిక్స్ కార్డు వేడి చూసి తిరగమంటుంది. మర్నాడు ఆ మిషనును ఎండ పడే కిటికీ పక్కన పెట్టి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వీడియో పనే నడపాలి. ఆగిపోతే ఆమె బల్ల దిగి బిల్లులు రాసుకుంటుంది, ఇంకెప్పుడూ స్క్రూడ్రైవర్ ముట్టదు. ఆగకపోతే ఫ్యాన్ల సంగతిలో ఆమె మాటే మాట.

"పిన్నిగారూ, మీరే సాక్షి!" అని అరిచాడు బావ. "వింటున్నారుగా?"

"వినక చస్తానా నాయనా!" అన్నాను.

మర్నాడు బావ కిటికీ తెర తీసేశాడు, గదిలో ఫ్యాను కట్టేశాడు. భోజనం క్యారియర్ పట్టుకొచ్చిన అక్క చెమట తుడుచుకుంటూ, "పరీక్ష పెట్టెకా, నీకా?" అంది. "ఇద్దరికీ" అంది చెల్లెలు. బావ మాటిమాటికీ పెట్టె వెనక చెయ్యి పెట్టి చూస్తున్నాడు.

"అమ్మో, గాలి కాలిపోతోంది! అయిపోయిందే నీ పని."

"లోపలి వేడి బయటికొస్తోంది బావా. చల్లగా వస్తే భయపడు."

నాకు పొద్దున ఏమీ వినిపించలేదు. ఎండ ముదిరాక, ఎవరో గుండెల నిండా ఊపిరి తీసుకున్నట్టు సన్నని సవ్వడి మొదలైంది. పెరిగింది, పెరిగిన చోటే నిలిచింది. అంతకు ముందు మిషన్ల ఫ్యాన్లు కొన్ని ఊరికే ఎగసి, ఊరికే పడేవి. ఇది అలా చెయ్యలేదు. వేడి తగిలిన వెంటనే ఉలిక్కిపడొద్దని, కాస్త ఆగి చూసి కదలమని ఆమె దానికి నేర్పింది. నేనా రోజు ఒక్క పేజీ కూడా చదవలేదు. సాయంత్రమైంది. అది ఆగలేదు.

స్టూడియో ఆయన వచ్చి, పెట్టె మీదికి వంగి, చెవి పెట్టాడు.

"ఇది ఆన్‌లోనే ఉందా అమ్మా?"

"తెరమీద మీ వీడియో నడుస్తోందిగా."

"నడుస్తోంది, కాదన్ను. నా పాత మిషనైతే మెట్లదాకా వినపడేది. నా దగ్గరికొచ్చేవాళ్ళు 'అబ్బో, గట్టి మిషనే' అనుకునేవాళ్ళు. ఇదేంటి, అలిగి కూర్చున్నట్టుంది!"

బావ తొడ చరిచి నవ్వాడు. చప్పుడు చేసేదాన్నే మనుషులు ఎందుకు నమ్ముతారని ఆమె అడిగింది అప్పుడే. ఆమె సొరుగులోంచి చిన్న తిప్పుడు బిళ్ళ ఒకటి తీసి పెట్టె ముందు బిగించింది.

"ఎడమకి తిప్పితే నా వేగం. కుడికి తిప్పితే ఫుల్లు. మిషను మీది, ఇష్టం మీది. నేను మాత్రం ఎడమనే వదులుతున్నా."

కొన్నాళ్ళకి ఆయన ఏదో వైరు కోసం మళ్ళీ వచ్చాడు. బిళ్ళ సంగతి అడిగితే సిగ్గుపడ్డాడు. "ఎదురుగా కస్టమర్లుంటే కుడికి తిప్పుతానమ్మా. వాళ్ళటు వెళ్ళగానే ఎడమకి తిప్పేస్తా. మాటలూ పాటలూ కలిపేటప్పుడు ఆ హోరు నేనే భరించలేను." చెవులపిల్లి పగలబడి నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను వినడం అదే మొదలు. బావ నవ్వలేదు. ఆలోచనలో పడ్డాడు.

ఆ ఆలోచన ఒక అట్టపెట్టె నిండా వచ్చింది. ఎర్రటి బిళ్ళలు, ఒక్కోదాని మీద మెరుపు బొమ్మ.

"ప్రతి మిషనుకీ ఒకటి. ఫుల్లులో పెట్టే పంపుదాం. తగ్గించుకునేవాళ్ళు తగ్గించుకుంటారు."

"మాటిచ్చావు బావా."

"మాట మీదే ఉన్నానే తల్లీ. గీత నీదే. బిళ్ళ నాది."

"బిళ్ళ కుడికి తిరిగాక ఇంక నా గీత ఎక్కడుంటుంది?"

"లోపలెక్కడో ఉంటుంది. ఉండనీ, ఎవరొద్దన్నారు?"

అక్క సర్దిచెప్పబోయింది. "పోనీలేవే. కాస్త చప్పుడేగా."

"కాస్తేగా, కాస్తేగా అని నువ్వు అన్నిటికీ సర్దుకుపోయావక్కా. నేను సర్దుకోను."

ఆ తర్వాత కూడా ఆమె తన పని తను చేసింది. బిళ్ళ లేకుండా బిగించి, ఎప్పట్లాగే నా పీట మీద కూర్చుని విని వెళ్ళేది. ఆమె ఇటు రాగానే అటు బావ బిళ్ళ తగిలించేవాడు. ఆమె వెళ్ళి పీకేసేది. "ఇది కొట్టా, కబడ్డీ కూతా?" అని నేను అరిచినా ఇద్దరిలో ఒక్కరూ వినలేదు.

ఒక మధ్యాహ్నం పక్క కొట్లో బల్ల మీది మిషన్లన్నీ ఎర్ర బిళ్ళలతో ఒక్కసారిగా హోరెత్తాయి. చెక్క వణికింది. నా అరలో చివర నిలబెట్టిన సన్నటి పుస్తకం ఒకటి జారి కింద పడింది. చెవులపిల్లి లోపలికి వచ్చి, ఆ పుస్తకం తీసి అరలో పెట్టి, పీట మీద కూర్చుంది. కళ్ళు మూసుకుంది. పేజీ తిప్పొద్దని అనలేదు. ఆ హోరులో పేజీ ఎవరికి వినపడుతుంది?

"వినిపిస్తోందమ్మా" అన్నాను. ఏదో ఒకటి అనాలని.

ఆమె కళ్ళు తెరిచింది. నా బల్ల మీద ఆమె బిగించి ఇచ్చిన మిషను ఉంటుంది, పుస్తకాల జాబితా రాసుకునేది. దాని నెత్తిన అరచెయ్యి ఆనించి, వేడి చూసింది. ఎప్పుడొచ్చినా చూస్తుంది. చంకలో స్క్రూడ్రైవర్ల సంచీ ఉంది. టీకి వెళ్తోందనుకున్నాను; టీ తాగడానికి ఎవరూ సంచీ తీసుకెళ్ళరని నాకు అప్పుడు తట్టలేదు. చదవడానికి తీసుకెళ్ళిన పుస్తకాన్ని నా ముందు పెట్టి బయటికి నడిచింది.

"చెవులపిల్లీ! ఇటు రావే, ఈ నట్టు పట్టడం లేదు!" చెక్క అవతల్నుంచి బావ కేక.

నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె వీధి దాటేసింది. పక్క కొట్టు వైపు కాదు, రెండో వైపు. సంచీ భుజానికి మార్చుకుని, మలుపు తిరిగింది.